దీవెన మన గడప దాటాలి: తెలుగు సంఘాల కాపరులకు బహిరంగ లేఖ

తెలుగు సంఘాల కాపరులారా, పెద్దలారా, స్త్రీల సమాజం అక్కలారా, యవనస్థుల నాయకులారా,

మీకు క్షణం తీరిక లేని రోజులివి. సెమీ క్రిస్మస్ కూటాలు, ఇంటింటికీ కేరల్స్, పిల్లల నాటిక రిహార్సల్స్, గుడికి సున్నాలు, స్టార్లు. అవి ముగిసీ ముగియకముందే డిసెంబరు 31 రాత్రి వచ్చేస్తుంది. ఈ లేఖ ఆ రాత్రి గురించి, ఆ రాత్రి మీ నోటి వెంట వచ్చే దీవెన గురించి.

ఏడాది పొడవునా ఆదివారం కనబడనివాళ్లు కూడా ఆ రాత్రి ఆరాధనకు వస్తారు. పాటలు, సాక్ష్యాలు, ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగుతాయి. పన్నెండు కొట్టేసరికి అందరూ మోకాళ్ల మీద ఉంటారు. లేచాక వాగ్దాన కార్డులు పంచుతారు. అరచేతిలో పట్టే కార్డు. వెనక సూర్యోదయమో కొండలో ఉన్న బొమ్మ, మధ్యలో ఒక వచనం, అడుగున సంఘం పేరు. కొన్నిచోట్ల పళ్లెంలో చుట్టిపెట్టిన చీటీలుంటాయి, కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. తీసుకున్నవాళ్లు ట్యూబులైటు కిందికి వెళ్లి, పెదాలు కదుపుతూ చదువుకుంటారు. ఆ కార్డు ఏడాదంతా బైబిల్లో ఉంటుంది, లేదా బీరువా అద్దానికో ఆటో ముందద్దానికో అతుక్కుని ఉంటుంది.

ఆ కార్డును నేను తక్కువ చేసి మాట్లాడను. కౌలు పొలం మునిగిపోయినవాడికి, డయాలసిస్‌కి తిరుగుతున్న భార్యను వెంటబెట్టుకుని వచ్చినవాడికి, దేవుడు తనను పేరు పెట్టి పలకరించాడన్న ధైర్యం ఆ చిన్న అట్టముక్కలో దొరుకుతుంది. అది కావలసిన ధైర్యమే. నేను మిమ్మల్ని అడగదలచింది వేరు. ఆ రాత్రి మీరు ప్రకటించే దీవెన తీసుకున్నవాళ్ల దగ్గరే ఆగిపోతోంది. వాళ్ల చేతుల మీదుగా పక్కవాళ్లకు అందేలా దాన్ని ప్రకటించండి. ఆత్మసంబంధమైన ఆశీర్వాదాన్ని పొందడం, పంచడం రెండూ ఒకే పని అని, మొదటిది పూర్తయ్యాక తీరికగా చేసేది కాదు రెండోదని, మన సంఘాలకు మళ్లీ నేర్పండి.

కార్డుల మీద ఎక్కువగా కనిపించే వచనాలు మీకు తెలుసు. తోకగా కాక తలగా ఉంచుతానన్నది ఒకటి, సరిహద్దులు విశాలపరచమని యబ్బేజు అడిగింది ఇంకొకటి. మొదటిది ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోది. దానికి రెండు అధ్యాయాల ముందే ప్రథమ ఫలాల గంప ఉంది. కొత్త పంట చేతికొచ్చిన ఇశ్రాయేలీయుడు గంప నింపుకుని వచ్చి యాజకుడి ముందు పెడతాడు. తన పూర్వీకులు దిక్కులేక ఐగుప్తుకు వెళ్లినవాళ్లని, దేవుడు విడిపించి తెచ్చాడని చెప్పుకుంటాడు. ఆ తర్వాత పొలం లేని లేవీయుడితో, తమ మధ్య బతుకుతున్న పరదేశితో కలిసి ఆనందించాలని అక్కడ స్పష్టంగా ఉంది. పంట చేతికి వచ్చినప్పుడే పరదేశి కూడా పంక్తిలో ఉన్నాడు. అబ్రాహాము సంగతీ అంతే. అతన్ని ఆశీర్వదిస్తానన్న మాటతో పాటే, అతని ద్వారా భూమ్మీది వంశాలన్నీ ఆశీర్వాదం పొందుతాయన్న మాటా వచ్చింది. మనం కార్డు మీద చోటు చాలక సగం వచనం అచ్చు వేస్తున్నాం. తీసుకునేవాడికి ఆ సగమే జీవితాంతం గుర్తుండిపోతోంది.

ఇక పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక. ఆత్మసంబంధమైన ఆశీర్వాదాలు అనగానే మీలో ప్రతివారికీ గుర్తొచ్చేది దాని మొదటి అధ్యాయమే. గ్రీకు మూలంలో 3వ వచనం నుంచి 14వ వచనం దాకా ఒకటే వాక్యం. ఊపిరి తీసుకోకుండా చెప్పుకుంటూ పోయాడాయన. ఏమేం చెప్పాడు? లోకం పుట్టకముందే ఎన్నుకోవడం, కుమారులుగా స్వీకరించడం, రక్తం ద్వారా విమోచన, పాపక్షమాపణ, దేవుడి సంకల్పం మనకు తెలియజేయడం, పరిశుద్ధాత్మ ముద్ర. ఆ జాబితాలో ఇల్లు లేదు, వీసా లేదు, ప్రమోషన్ లేదు. రాసినవాడు అప్పుడు ఖైదులో ఉన్నాడు, సంకెళ్ల సంగతి ఆ పత్రికలోనే చెప్పుకున్నాడు. చేతులకు సంకెళ్లున్న మనిషి అన్ని ఆశీర్వాదాలూ తనకు అందాయని దేవుణ్ణి స్తుతిస్తున్నాడు. పైగా ఆ వాక్యమంతా ఎక్కడా ‘నాకు’ అని లేదు. దాదాపు అంతటా ‘మనకు’ అనే. రెండో అధ్యాయానికి వచ్చేసరికి ఆ ఆశీర్వాదం ఎటు పోతోందో తెలుస్తుంది. యూదులకూ అన్యజనులకూ మధ్య అడ్డుగోడ కూలింది, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లయ్యారు. పౌలు దృష్టిలో దీవెన అందిందనడానికి గుర్తు ఆ గోడ కూలడమే.

ఈ మాట మన నేలకు కొత్తది కాదు. ఒంగోలు సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా ఈ సందర్భంలో మళ్లీ చెప్పాలి. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని మహా కరువు పట్టి పీడించింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో ఉన్నారు. సర్వేయరు పని తెలిసినవాడు కాబట్టి, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో చచ్చిపోతున్నవాళ్లకు కూలి చూపించారు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పగలు మట్టి మోసినవాళ్లు విరామంలో వాళ్ల చుట్టూ కూర్చుని వాక్యం విన్నారు. బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా అడిగారు. క్లౌ ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట ఎవరి నోటా రాకూడదని, వచ్చినవాళ్ల మనసులో కూడా ఆ తికమక ఉండకూడదని ఆయన పట్టుదల. కరువు సాయం ఆగిపోయింది, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని తేల్చి చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్కరోజున బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మారుతూ.

ఆకలిగొన్నవాడికి కూలి ఇవ్వడం దైవకార్యమే. క్లౌ ఆ పని తన భుజాన వేసుకున్నారు. అయితే కూలిడబ్బును దేవుడి ఆశీర్వాదపు రుజువుగా చూపించడానికి ఒప్పుకోలేదు. ఇవాళ మన కొన్ని వేదికల మీద జరుగుతున్నది దానికి తలకిందులు. కారు కొన్నవాడి సాక్ష్యానికి మైకు, భర్త తాగుడు మానకపోయినా ముప్పై ఏళ్లుగా ద్వేషం లేకుండా బతుకుతున్న ఆమెకు ఆఖరి బెంచీ. ఆమెకు అందినదే పౌలు జాబితాలో ఉన్నదని కాపరులైన మీరు చెప్పకపోతే ఎవరు చెబుతారు?

ఆ 2,222 మంది వెనకాల పన్నెండేళ్ల నడక ఉందని కూడా గుర్తుచేయాలి. యర్రగుంట్ల పేరయ్య తాళ్లకొండపాడు మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. ఆ పైన ఊరుకోలేదు. తన బంధువుల ఇళ్లకు, వ్యాపారం వల్ల పరిచయమైన పల్లెలకు కాలినడకన వెళ్లి చెప్పాడు. ఆయన దగ్గర పంచడానికి పొలం లేదు, పదవి లేదు. తనకు దొరికిన శాంతి ఒక్కటే ఉంది. నేటి ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఎన్నో బాప్టిస్టు కుటుంబాల విశ్వాసానికి మొదలు వెతికితే అలాంటి నడక దగ్గరికే చేరతాం.

డోర్నకల్ గురించి కూడా ఒక మాట. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి తమిళుడు. అక్కడి సంఘాల వాళ్లు, చాలావరకు పేదవాళ్లే, తామే చందాలు వేసుకుని 1903లో ఒక మిషనరీ సంఘాన్ని పెట్టుకుని నైజాం రాజ్యంలోని మన తెలుగు పల్లెలకు మనుషుల్ని పంపారు. అజరయ్యే వచ్చి డోర్నకల్‌లో స్థిరపడ్డారు, తెలుగు నేర్చుకున్నారు, 1912 డిసెంబరు 29న బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన పల్లెల్లో బాప్తిస్మాలు ఇచ్చేటప్పుడు ఒక పని చేయించేవారని చెబుతారు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లు తడి ఆరకముందే తమ కుడిచేతిని తమ తల మీద తామే పెట్టుకోవాలి. సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అని పౌలు కొరింథీయులకు రాసిన మాటను బిషప్ వెంట తిరిగి పలకాలి. పలికినవాళ్లెవరు? ఎక్కువమంది మాల, మాదిగ పాలేర్లు, కూలీలు, చదువు రానివాళ్లు. అంతవరకు ఎవరూ వాళ్లను ఏదీ ఇవ్వగలిగినవాళ్లుగా చూడలేదు. ఆ చేయి తల మీద పెట్టుకున్న నిమిషంలోనే వాళ్లు పొందినవాళ్లు, పంచవలసినవాళ్లు కూడా అయ్యారు. మధ్యలో శిక్షణ కాలమంటూ ఏమీ లేదు. అదే డయోసిస్‌లో ఏటా సాక్ష్య వారం జరిపి, సంఘ సభ్యులంతా పక్క ఊళ్లకు వెళ్లేవారు.

అజరయ్య 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మాట్లాడినప్పుడు అడిగింది కూడా మనకు సంబంధించినదే. దానాలు, త్యాగాలు చాలా చేశారు, కృతజ్ఞులం, ఇక స్నేహితులను ఇవ్వండి అన్నది ఆయన మాటల సారం. చేయి పైన ఉన్నవాడు కిందికి జారవిడిచేదాన్ని పంచుకోవడం అనరు. పక్కన కూర్చోకుండా ఇచ్చింది దయాదాక్షిణ్యం అవుతుందేమో గానీ, క్రీస్తు సంఘంలో ఆశీర్వాదం కాదు.

ఇక్కడ మీకూ నాకూ కష్టమైన మాట చెప్పక తప్పదు. పొందడం పెద్దలకు రావడం లేదు. పౌలు రోమా సంఘాన్ని ఎందుకు చూడాలనుకున్నాడు? వాళ్లకు ఏదో ఆత్మవరం ఇచ్చి బలపరచాలని మొదలుపెట్టి, వెంటనే ఆ మాట సరిచేసుకున్నట్టుగా, మీ విశ్వాసం వల్ల నేనూ నా విశ్వాసం వల్ల మీరూ ఆదరణ పొందాలని రాశాడు. అపొస్తలుడికి రోమాలోని పేరు తెలియని బానిసల నుంచి కావలసింది ఉంది. మన సంఘాల్లో దీవెన మాత్రం వేదిక నుంచి బెంచీల వైపే ప్రవహిస్తోంది. బెంచీల నుంచి వేదికకు వచ్చేది కానుకల సంచీ ఒక్కటే.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేది. పొగాకు బ్యారన్లలో ఆకు కట్టి బతికింది, చదువు రాదు. ఆరాధన అయ్యాక గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట నిలబడేది. బయటికి వచ్చే ప్రతి పిల్లనూ పిల్లవాణ్ణీ పేరు పెట్టి ఆపేది. “పరీక్ష ఎన్నో తారీఖురా?” “మీ నాయనకు దగ్గు తగ్గిందామ్మా?” మరుసటి ఆదివారం మళ్లీ అదే అడిగేది. మర్చిపోయి కాదు. వారమంతా తెల్లవారుజామున దానికోసం ప్రార్థించింది కాబట్టి ఏమైందో తెలుసుకోవాలని. ఊరు విడిచి హైదరాబాదుకూ బెంగుళూరుకూ వెళ్లిన పిల్లలు సెలవులకు వస్తే ముందు ఆమె ఇంటికి వెళ్లేవారు. నలభై ఏళ్లలో ఎన్నో కన్వెన్షన్లు జరిగాయి, ఎందరో ప్రసంగీకులు వచ్చారు. వేదిక మీదికి పిలిచి, మా తలల మీద చేయి ఉంచి ప్రార్థన చేయమ్మా అని ఆమెను ఎవరూ అడగలేదు. మీ సంఘంలోనూ అలాంటి పెద్దమ్మ ఉంటుంది, తప్పక ఉంటుంది. ఈ డిసెంబరు 31న ఆమెను పిలవండి. అభిషేక తైలం సీసా కాసేపు పక్కన పెట్టి, మీరే ఆమె ముందు మోకరించండి. ఆ ఒక్క దృశ్యం యవనస్థులకు నేర్పేది పది ప్రసంగాలు నేర్పలేవు.

దక్షిణ ఇండియా సంఘంలో ఉన్నవాళ్లకు ఇంకో విన్నపం. మన చేతిలోనే ఉన్న ఒక అపురూపమైన ఆచారాన్ని మనం మొక్కుబడి చేసేశాం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి ఒకే సంఘమయ్యారు. మూడేళ్లకు, 1950లో, ప్రభురాత్రి భోజనానికి ఉమ్మడి ఆరాధన క్రమం వచ్చింది. అందులో ‘సమాధానం’ అందించుకోవడం ఉంది. కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర తరతరాలుగా ఉన్నదాన్ని తీసుకుని అందులో పెట్టారు. ఆ తర్వాత పాశ్చాత్య సంఘాలు ఎన్నో సమాధానాన్ని మళ్లీ ఆరాధనలోకి తెచ్చుకోవడానికి మన క్రమమూ ఒక దారి చూపింది. ఎలా చేయాలో కూడా అందులో వివరంగా రాశారు. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని తీసుకునేవారి కుడి అరచేతికి ఆనించాలి, ఇద్దరూ తమ ఎడమచేతిని ఎదుటివారి కుడిచేతి మీద మూయాలి. బల్ల దగ్గర గురువు మొదలుపెడతారు. ఆయన నుంచి సేవ చేసేవాళ్లకు, వాళ్ల నుంచి మొదటి వరసకు, అక్కణ్ణించి చివరి మనిషి దాకా. ఎవరూ నేరుగా తీసుకోలేరు, పక్కవాళ్ల చేతుల్లోంచే రావాలి. తీసుకున్నవాళ్లు తమ దగ్గర ఉంచుకోలేరు, వెంటనే ఇంకొకరి వైపు తిరగాలి.

అంటరానితనం ఇంకా పోని దేశంలో, చేతిలో చేయి ఉంచకపోతే దేవుడి సమాధానం నీకు అందదని ఆరాధన క్రమంలో రాసిపెట్టారు మన పెద్దలు. మనం ఏం చేస్తున్నాం? కూర్చున్నచోటి నుంచే ముందుకీ వెనక్కీ నమస్కారం పెట్టి పాట అందుకుంటున్నాం. కరోనా కాలంలో అది అవసరమైంది. ఇప్పుడు అవసరం లేదు. నమస్కారంలో తప్పేమీ లేదు, కానీ ఎవరిని తాకకుండా తప్పించుకుంటున్నామో దేవుడికి తెలుసు. ఒకే ఊళ్లో మాలల గుడి, మాదిగల గుడి అని జనం పిలుచుకునే రెండు గుళ్లుంటాయి. ఒకే సంఘంలో పెళ్లి సంబంధాల దగ్గర, పాస్టరేట్ కమిటీ ఎన్నికల దగ్గర కులం లేచి కూర్చుంటుంది. పైకులాల నుంచి వచ్చినవాళ్లు పేరు చివర తోక అలాగే ఉంచుకుని, ఆ సంగతి సాక్ష్యంలో ప్రత్యేకంగా చెప్పుకుంటారు. కొరింథులో కలిగినవాళ్లు ముందొచ్చి తినేసి, పనులు ముగించుకుని వచ్చే పేదవాళ్లను ఆకలితో ఉంచినందుకు, మీరు తింటున్నది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చేశాడు. బల్ల సాగలేదని కాదు, రొట్టె విరవలేదని కాదు. పక్కవాణ్ణి లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల అది ప్రభువు బల్ల కాకుండా పోయింది.

ఈ విషయంలో హెబ్రోను సహవాసాలను చూసి మిగతావాళ్లం నేర్చుకోవాలి. భక్తసింగ్ గారు సిక్కు కుటుంబం నుంచి వచ్చిన పంజాబీ. హైదరాబాదు హెబ్రోనులో ఆదివారం ఆరాధన తర్వాత ప్రేమవిందు పెట్టించేవారు. చాపల మీద అందరూ వరసగా కూర్చోవడం, అందరికీ ఒకటే అన్నం, ఒకటే కూర. ఆఫీసరు పక్కన రిక్షా తొక్కే అన్న. పక్కవాడి కులం అడగకుండా అతని పక్కనే అన్నం కలుపుకోవడం మన సమాజంలో ఎంత పెద్ద మాటో మీకు నేను చెప్పాలా. ప్రేమవిందులను మనం బఫేలుగా మార్చుకున్న చోట్ల, దయచేసి మళ్లీ చాపలు పరిపించండి.

డబ్బు సంగతి కూడా మాట్లాడాలి, ఆత్మసంబంధమైనదని చెప్పి దాన్ని దాటేయకూడదు. యెరూషలేములోని పేద పరిశుద్ధుల కోసం మాసిదోనియ, అకయ సంఘాలు చందా పోగుచేశాయి. పౌలు దాన్ని రోమా పత్రికలో ఒక బాకీ అన్నాడు. యూదుల ఆత్మసంబంధమైన ఆశీర్వాదాల్లో అన్యజనులు పాలుపొందారు కాబట్టి, శరీరసంబంధమైన వాటితో వాళ్లకు ఉపచారం చేయడం వీళ్ల విధి. ఆయన లెక్కలో ఆత్మీయ దీవెన ఒకవైపు వస్తే బియ్యం ఇంకోవైపు పోతుంది. ఆ బాకీని కన్వెన్షన్ స్టేజికీ ఎల్ఈడీ తెరకూ చెల్లించేసి తీరిపోయిందనుకోవడం సరికాదు. మన పల్లె సంఘాల్లో తల్లులు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం గుడికి వచ్చేది. మిజోరంలో అదే పద్ధతి 1910లో మొదలై, బుహ్‌ఫై థామ్ అన్న పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి సంఘాలు ఎందరో మిషనరీలను దాని మీద పోషిస్తున్నాయి. మన దగ్గర చాలాచోట్ల కుండ పోయింది, క్యూఆర్ కోడ్ వచ్చింది. ఫోనులో పంపడం సులువే, నేనూ అలాగే పంపుతాను. కానీ పిడికిట్లోంచి తీసేటప్పుడు ఆ ఇంటి పిల్లలు చూసేవారు, ఎవరికోసమమ్మా అని అడిగేవారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడంలోనే ఆ ఇంట్లో సగం సండే స్కూలు జరిగేది. స్త్రీల సమాజం అక్కలారా, ఆ కుండను తిరిగి తేగలిగేది మీరే.

డిసెంబరు 31 రాత్రి మనం జరిపే వాచ్‌నైట్ ఆరాధన కూడా ఇలాగే మామూలు మనుషుల దగ్గరే మొదలైంది. 1740లలో ఇంగ్లండులో కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికులు, అంతకుముందు తాగుడులో గడిపిన రాత్రుల్ని ప్రార్థనలో గడపడం మొదలుపెడితే, జాన్ వెస్లీ దాన్ని తన సంఘాల్లోకి తెచ్చారు. 1755 నుంచి నిబంధన ఆరాధన నడిపించారు. కాలక్రమంలో అది మెథడిస్టులకు కొత్త సంవత్సరపు ఆరాధన అయింది. అందులో విశ్వాసి దేవుణ్ణి ఈ ఏడాది నాకేమిస్తావని అడగడు. నన్ను నీ ఇష్టం వచ్చిన పనిలో, నీ ఇష్టం వచ్చినవాళ్ల పక్కన పెట్టుకో అని తనను అప్పగించుకుంటాడు. మెదక్ డయోసిస్ సంఘాలు పుట్టింది ఆ వెస్లియన్ సంప్రదాయంలోనే. అక్కడి పెద్దలకు ఇది నేను చెప్పవలసిన సంగతి కాదు. ఈసారి వాగ్దానాలకు ముందు ఆ నిబంధన ప్రార్థన తెలుగులో నెమ్మదిగా చదివించమని మాత్రం అడుగుతున్నాను. ప్రజలు మోకాళ్ల మీద ఉన్నప్పుడే.

కార్డులు పంచేటప్పుడు ఇంకొక మాట చెప్పండి చాలు. చదువుకున్నాక ఇంటికి తీసుకెళ్లే ముందు, ఇది నాకంటే ఎవరికి ఎక్కువ అవసరమో ఒక మనిషిని తలచుకోండి, జనవరి మొదటి వారంలో వాళ్లింటికి వెళ్లి పక్కన కూర్చుని ఈ వచనం చదివి ప్రార్థన చేసి రండి అని. ఎవరికివ్వాలని అడిగితే చెప్పడానికి మీ దగ్గర పేర్లుండాలి. మంచం పట్టిన పాత డీకన్, సంఘంతో గొడవపడి రావడం మానేసిన కుటుంబం, పెళ్లి విఫలమై పుట్టింటికి వచ్చి గుడికి రావడానికి సిగ్గుపడుతున్న అమ్మాయి. పక్కింటి హిందువులో ముస్లిమో అయితే, వాళ్లు వద్దనని మేరకే, మర్యాదతో, మతం మార్చాలన్న తొందర లేకుండా, వాళ్ల బాధ విని రావాలి. ఆహ్వానం లేకుండా గొంతు పెంచి చేసే ప్రార్థన ఎవరికీ దీవెన కాదు. అలా వెళ్లివచ్చినవాళ్లు తర్వాతి ఆదివారం తాము ఏం పొందారో చెప్పాలి. ఏం ఇచ్చారో కాదు. వెళ్లిన ప్రతివాళ్లకూ చెప్పడానికి ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది.

చివరిగా గల్ఫ్‌లో ఉన్న మన అక్కచెల్లెళ్ల గురించి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో వంటపనికి, పిల్లల్ని చూసే పనికి వెళ్లారు. శుక్రవారం సెలవిచ్చే యజమాని దొరికితే అక్కడి తెలుగు సహవాసంలో కలుస్తారు. దొరకనివాళ్లు వంటింట్లోనే, పని చేసుకుంటూ పాడుకుంటారు. మన ఊళ్లలో ఎన్ని గుళ్లకు స్లాబు, గ్రానైట్, మైకుసెట్టు వాళ్ల దినార్లతో వచ్చాయో మీకు తెలుసు. శిలాఫలకం మీద వాళ్ల పేర్లు చెక్కించాం. వాళ్ల డబ్బు తీసుకున్నాం. పరాయి దేశంలో, తలుపులు మూసిన ఇంట్లో, బిడ్డల్ని విడిచి ఉన్న మనిషిని దేవుడు ఎలా నిలబెట్టాడో ఆ సాక్ష్యం మాత్రం అడిగి తీసుకోలేదు. మన సంఘాలకు ఇవాళ కావలసింది అదే.

ఈ ఏడాది మీ సంఘం నుంచి వెళ్లిన ఒక అక్కను ఆ రాత్రి ఆరాధనలో ఫోనులో మాట్లాడించండి. సెల్‌ను మైకు దగ్గర పెట్టండి. ఆమె కష్టాలు చెప్పించి జాలి పడేలా చేయకండి. ఊరి కోసం, ఆమె పిల్లల్ని పెంచుతున్న అమ్మమ్మ కోసం, మీ కోసం ప్రార్థన చేసి మిమ్మల్ని ఆశీర్వదించమని అడగండి. మనకు పన్నెండయ్యేసరికి కువైట్‌లో రాత్రి తొమ్మిదిన్నర, చాలామందికి అప్పటికి ఇంకా గిన్నెలు కడగడం పూర్తి కాదు. కొందరికి ఫోను చేతికిచ్చేది కూడా పడుకునే ముందే. కాబట్టి ఈ వారంలోనే వాళ్లింటివాళ్ల ద్వారా కబురు పంపి, ఏ వేళకు వీలవుతుందో కనుక్కుని, మీ ఆరాధన క్రమాన్ని ఆ వేళకు సర్దుకోండి.

క్రీస్తునందు,
మీ సంఘాల్లో ఒక విశ్వాసి